కుడివైపు పై మూల

ఆమె మొగుడికి అన్నీ వచ్చు, సెలవు తీసుకోవడం ఒక్కటే రాదు.

బట్టల మిల్లులో నాణ్యత చూసే ఇన్‌స్పెక్టరు అతను. ఏటా చలి ముదిరే రోజుల్లో యంత్రాలు విప్పి, తుడిచి, నూనె పెట్టుకోవడానికి మిల్లు పది రోజులు మూసేస్తారు. ఆ పది రోజులూ ఇన్‌స్పెక్టరు ఇంటి మీద పడతాడు. పడతాడంటే దుప్పటి ముసుగేసుకుని పడుకుంటాడని కాదు. అలా పడుకుంటే ఆమెకి అంతకన్నా కావలసిందేముంది. మొదటిరోజు పొద్దున్నే గళ్ల కాగితం తీసి, స్కేలు పెట్టి గీతలు గీసి, ఇంటిల్లిపాది కాలక్షేపానికి పట్టిక వేస్తాడు. ఎనిమిది నుంచి తొమ్మిది సంగీతం. పది నుంచి పన్నెండు పుస్తకం. రెండున్నర నుంచి అయిదు సినిమా. ఆరు నుంచి ఏడు టీవీలో ప్రకృతి కార్యక్రమం, అంటే మంచులో ఏదో జంతువు ఇంకో జంతువు వెంట పడుతూ ఉంటుంది, వెనక నుంచి ఒకాయన నిద్రపుచ్చే గొంతుతో దాన్ని సమర్థిస్తూ ఉంటాడు.

పట్టికలో చివరి గడి పేరు 'సంతృప్తి'. ఏడు గంటలకి అందరూ అందులో పదికి ఇన్ని అని మార్కులు వేయాలి. ఆమె ఎప్పుడూ ఎనిమిదే వేస్తుంది. తొమ్మిది వేస్తే ఏం అంత నచ్చింది అని అడుగుతాడు, ఏడు వేస్తే ఏం తక్కువైంది అని అడుగుతాడు. ఎనిమిదికి ప్రశ్నలుండవని పెళ్లయిన మూడో చలికాలంలోనే కనిపెట్టింది.

ఆ పట్టికలో లేనిది ఒక్కటే, ఆమె పని. సంగీతానికి ముందు టీ, పుస్తకానికి మధ్యలో టీ, సినిమాకి రెండుసార్లు టీ, వాటి తాలూకు కప్పులు, చలికి ఆరని బట్టలు, పొద్దున్న పరిచి సాయంత్రం మడిచే దుప్పట్లు, ఇవి ఏ గంట నుంచి ఏ గంట వరకన్నది అందులో రాసి ఉండదు. ఒకళ్ల కాలక్షేపం వెనక ఎంత పని ఉంటుందో, టీలు అందించేవాళ్లకే తెలుస్తుంది.

ఇంట్లో ఉండేది నలుగురు. ఇన్‌స్పెక్టరు, ఆమె, కాలేజీ నుంచి సెలవులకి వచ్చిన కూతురు, మామగారు. కూతురికి ఒక అలవాటుంది. పుస్తకమైతే ముందు చివరి పేజీ చదువుతుంది, సినిమా అయితే ముందు చివరి పది నిమిషాలు చూస్తుంది. "చచ్చేదెవరో ముందే తెలిసిపోతే ప్రశాంతంగా ఉండొచ్చమ్మా," అంటుంది. ఆ తర్వాత మిగతాది చూసిన దాఖలాలు మాత్రం లేవు. సోఫాలో దుప్పటి కప్పుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ప్రశాంతంగానే ఉంటుంది.

మామగారు ముప్పై ఆరేళ్లు సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపారు. హాలు మూసేసి చాలా కాలమైనా వీధిలో ఇప్పటికీ ఆపరేటర్ గారనే అంటారు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. రోజూ పదింటికి ఉన్ని టోపీ పెట్టుకుని, మెడకి మఫ్లరు చుట్టుకుని, తాళంచెవి కోటు జేబులో వేసుకుని బయల్దేరతారు. నాలుగు వీధుల అవతల లైబ్రరీలో పేపర్లన్నీ తిరగేస్తారు. దాని పక్కనే రేడియోలు బాగుచేసే పాత స్నేహితుడి కొట్టు ఉంది. అక్కడ ఓ గంట కూర్చుని, వాళ్లిద్దరికీ తెలిసిన మనుషుల్లో ఇంకా ఎవరున్నారో లెక్క చూసుకుని, పన్నెండున్నరకి ఇల్లు చేరతారు.

మామూలు రోజుల్లో ఆ రెండున్నర గంటలూ ఆమెవి. మొగుడు మిల్లులో, కూతురు కాలేజీలో, మామగారు లైబ్రరీలో. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని నవల చదువుకుంటుంది. ఇప్పుడు చదువుతున్నది రేవు పట్నంలో విడిపోయిన అక్కచెల్లెళ్ల కథ, అయిదు వందల పేజీలు. మిల్లు మూసేనాటికి నలభై ఒకటో పేజీలో ఉంది. అక్క ఓడ ఎక్కబోతోంది. సెలవుల పుణ్యమా అని ఆ పిల్ల ఒక కాలు నిచ్చెన మీద, ఒక కాలు గట్టు మీద పెట్టి అలాగే నిలబడిపోయింది.

రెండో రోజు సినిమా నడుస్తుండగా ఆమె పదకొండుసార్లు లేచింది. లెక్కపెట్టింది తను కాదు, ఇన్‌స్పెక్టరు. సినిమా అయ్యాక వంటింట్లోకి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"నువ్వెప్పుడూ మొత్తం కూర్చోవేం? మధ్యమధ్యలో లేచిపోతుంటే సంతృప్తి ఎలా వస్తుంది?"

ఆమె చేతులు మోచేతుల దాకా చన్నీళ్లలో ఉన్నాయి. వేళ్ల చివర్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. ఆ క్షణాన నోటికి ఏది దగ్గరగా ఉంటే అది వచ్చింది.

"మొత్తం కూర్చున్నవాళ్లకి మాత్రం ఏం ఒరిగింది? మీ నాన్నగారు కదలకుండా కూర్చున్నారు. నిన్నటి సినిమా ఏంటి మామయ్యా అని పొద్దున్న అడిగితే ఒక్క ముక్క గుర్తులేదు ఆయనకి."

అది అబద్ధం కాదు. పొద్దున్న టీ ఇస్తూ మాటవరసకి అడిగింది. ఆయన కప్పులోకి చూస్తూ "బాగానే ఉందమ్మా, చివరికి అందరూ కలిశారు," అన్నారు. ఆ సినిమాలో చివరికి అందరూ చచ్చిపోయారు. కూతురు చెప్పింది.

ఇన్‌స్పెక్టరు గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు. "ఒక్క ముక్క కూడానా?"

"ఏదో అన్నాలెండి. ఆ గుడ్డ ఇలా ఇవ్వండి."

అతను గుడ్డ ఇచ్చాడు కానీ మాట వదల్లేదు. ఆమెకి ఆ చూపు తెలుసు. నేతలో ఒక పోగు తప్పిందని అనుమానం వచ్చినప్పుడు గుడ్డని దీపానికి అడ్డం పట్టి చూసే చూపు.

మర్నాటి నుంచి పరీక్షలు మొదలయ్యాయి. పరీక్షలని ఎవరికీ చెప్పలేదు. టేబుల్ దగ్గర రొట్టెముక్క తుంచుకుంటూ, ఏమీ ఎరగనట్టు అడుగుతాడు.

"నాన్నా, ఆ డాక్టరు చివరికి ఎవరిని పెళ్లి చేసుకున్నాడు?"

"మంచి పిల్లనే చేసుకున్నాడురా."

ఇంకో రోజు, "హత్య చేసిందెవరంటావు?"

"పోలీసులు పట్టుకున్నారుగా. వాళ్లకి తెలుస్తుంది."

కూతురు పకపకా నవ్వింది. "తాతయ్య భలే తప్పించుకుంటాడు." ఆమెకీ నవ్వొచ్చింది. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. మూడోసారి నవ్వు కూడా రాలేదు. మామగారు ప్రశ్న వినగానే చేతిలో చెంచా కింద పెట్టేసి, "తల నొప్పిగా ఉంది," అని లేచి వెళ్లిపోయారు.

ఆ పూట ఇన్‌స్పెక్టరు ఆమెని బాల్కనీలోకి పిలిచాడు. బట్టల తీగ మీద తడి దుప్పటి వేలాడుతోంది. దాని అటువైపు అతను, ఇటువైపు ఆమె.

"వంద మీటర్ల గుడ్డ తానులో మేం మూడుచోట్ల ముక్క తీసి చూస్తాం. మూడూ పోతే తాను మొత్తం వెనక్కే."

"ఆయన గుడ్డ కాదు కదండీ."

"అందుకేగా నాలుగో ముక్క కూడా చూస్తానంటున్నా. తొమ్మిదో రోజు సినిమా. అయిదు ప్రశ్నలు. అందులో మూడు చెప్పలేకపోతే ఇక నాన్న ఒంటరిగా గడప దాటకూడదు. తాళంచెవి నా దగ్గరుంటుంది. మిల్లు తెరిచాక రోజూ నువ్వు తోడు వెళ్లు. నీకూ కాస్త నడిచినట్టుంటుంది."

రోజూ. పది నుంచి పన్నెండున్నర వరకు. రేడియో కొట్టులో ఇద్దరు ముసలివాళ్ల మధ్య స్టూలు మీద కూర్చుని. ఆమె తడి దుప్పటి అంచు పిండింది. మామగారి మీద జాలి ముందొచ్చిందా, ఓడ గట్టున నిలబడ్డ పిల్ల మీద దిగులు ముందొచ్చిందా అని ఎవరైనా అడిగితే, ఆమె నిజం చెప్పేది కాదు.

"నాలుగు ప్రశ్నలకి జవాబు తెలియకపోతే మనిషి మతి పోయినట్టేనా?"

"అమ్మ ఉన్నప్పుడు ఎలా చెప్పేవాడో నీకు తెలీదా?" దుప్పటి అవతల అతని గొంతు తగ్గింది. "ఏ సినిమా అడిగినా సీను సీను చెప్పేవాడు. ఎవరు ఎక్కడ ఏడ్చారు, ఏ పాటకి ఏ రంగు బట్టలు, అన్నీ. బళ్లో మావాళ్లంతా కథ వినడానికే మా ఇంటికొచ్చేవాళ్లు. అమ్మ పోయి రెండేళ్లు. రెండేళ్లలో ఎంత పడిపోయాడో చూడు. రేపు దారి మర్చిపోతే? ఈ పొగమంచులో ఏ వీధిలో వెతుకుతాం?"

ఆమెకి కోపం వచ్చే సమయానికి ఆ గొంతు అడ్డం పడింది. మొగుడు పెత్తనం చేస్తుంటే మాట అనొచ్చు. భయపడుతుంటే ఏమనాలి. పైగా, నిప్పు రాజేసింది తనే. చేతులు చల్లబడ్డాయని తోచిన మాట అనేసింది. అతను దాన్ని పట్టుకెళ్లి పట్టికలో వేసుకున్నాడు.

తండ్రి దగ్గర ఆ సంగతి దాచిపెట్టడం అతనికి చేతకాలేదు. ఆరో రోజు పదింటికి, టోపీ పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ పెద్దాయనతో విషయమంతా చెప్పేశాడు. తనిఖీలో ఉన్న సరుకు గోడౌను దాటకూడదన్నది మిల్లు నియమం.

"ఆవలెల్లుండి సినిమా ఉంది కదా నాన్నా, అప్పటిదాకా తాళంచెవి ఇలా ఇవ్వు."

మామగారు కొడుకు మొహంలోకి కాసేపు చూశారు. జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చేశారు. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. టోపీ తీయలేదు, మఫ్లరు విప్పలేదు. పన్నెండున్నర దాకా అలాగే కూర్చుని, అప్పుడు లేచి రెండూ తీసి మేకుకి తగిలించారు. రోజూ ఇంటికి వచ్చే వేళకి.

ఆమె అది చూసింది. ఆ సాయంత్రం సంతృప్తి గడిలో రెండు వేసింది. ఎందుకని అడిగితే, పెన్ను సరిగ్గా రాయడం లేదంది.

ఏడో రోజు మధ్యాహ్నం పట్టికలో పాత నలుపు తెలుపు సినిమా. బయట పొగమంచు కిటికీ అద్దాలకి అంటుకుని ఉంది. ఇన్‌స్పెక్టరు చేతిలో పెన్సిలుతో, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. అడిగితే కళ్లు మూసుకుని సంగీతం గమనిస్తున్నానంటాడు. కూతురు దుప్పట్లో ఏదో వేరే పాటకి కాలు ఊపుతోంది. ఆమె టీ కప్పు పట్టుకుని వచ్చి మామగారి పక్కన ఆగింది.

తెర మీద ఒకావిడ మేడ మెట్ల మీద కూలబడి ఏడుస్తోంది. మామగారు ఆవిణ్ణి చూడటం లేదు. ఆయన చూపు టీవీలో కుడివైపు పై మూల అతుక్కుపోయి ఉంది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. అంతలో ఆ మూలన ఒక గుండ్రటి చుక్క, కంట్లో నలకలాగా తళుక్కుమని పోయింది. ఆయన కుడిచెయ్యి మోకాలి మీంచి లేచి గాల్లో దేన్నో తిప్పింది. కొన్ని క్షణాలకి ఇంకో చుక్క. ఎడమకాలు నేలని గట్టిగా తొక్కింది. ఆ తర్వాత ఆయన భుజాలు దిగాయి, పొడుగ్గా ఊపిరి వదిలారు.

"ఏం చూస్తున్నారు మామయ్యా?"

"సినిమా."

"సినిమా మధ్యలో ఉంది. మీరు మూలకి చూస్తున్నారు."

ఆయన దొరికిపోయిన దొంగలా ఒకసారి కొడుకు వైపు చూశారు. అతను గురక పెడుతున్నాడు.

"చెప్తే నవ్వుతావు."

"నవ్వే ఓపిక కూడా లేదు. చెప్పండి."

ఆయన కప్పు అందుకుని రెండు గుక్కలు తాగాక, గొంతు తగ్గించి చెప్పారు. "సినిమా ఒక ముక్కగా రాదమ్మా. రీళ్లు రీళ్లుగా వస్తుంది. గదిలో రెండు మిషన్లుంటాయి. ఒకదాంట్లో రీలు అయిపోతుంటే తెర మీద ఆ మూలన చుక్క పడుతుంది. పడగానే రెండో మిషను మోటారు తిప్పాలి. ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క. అప్పుడు పెడలు తొక్కితే ఈ బొమ్మ ఆగి ఆ బొమ్మ వస్తుంది. హాల్లో ఎవరికీ తెలియకూడదు. చుక్క తప్పిపోయిందా, తెర తెల్లగా అయిపోతుంది. ఇంక ఈలలు. ఆ ఈలల మధ్య మన అమ్మానాన్నల్ని కూడా తలుచుకుంటారు జనం."

"అది రీలు చివరేగా. మధ్యలో చూడొచ్చుగా?"

"మధ్యలో ఖాళీ ఏదీ? దీపంలో కార్బన్ కడ్డీలు కాలి తరిగిపోతుంటాయి, జరుపుతూ ఉండాలి. అయిపోయిన రీలు వెనక్కి చుట్టాలి. తర్వాతది ఎక్కించాలి. ఎక్కించేసరికి మళ్లీ చుక్క వేళ."

"నెలలకి నెలలు ఆడిన సినిమాలుంటాయి కదా?"

"ఒకటి నాలుగు వందల ఆటలు వేశా. అందులో హీరో ఎవరో తెలుసు. బయట పోస్టరు ఉండేది."

ఈసారి ఆమెకి నవ్వొచ్చింది. ఆయనా కొంచెం నవ్వి, మళ్లీ మూలకేసి చూశారు.

"కొత్త సినిమాల్లో చుక్కలుండవు. ఉండవని తెలుసు. కన్ను ఒప్పుకోదు. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని కూర్చుంటా. రాదు. అయిదింటికి లేచేసరికి ఒళ్లంతా పులిసిపోయి ఉంటుంది. నీ మొగుడు దీన్ని కాలక్షేపం అంటాడు."

అంత అలసట ఒక కుర్చీలో కూర్చుని కూడా తెచ్చుకోవచ్చని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఈ ఇంట్లో కూర్చున్నవాళ్లందరూ విశ్రాంతి తీసుకుంటున్నారనీ, నిలబడ్డది తనొక్కతేననీ ఇన్నాళ్లూ ఒక లెక్క పెట్టుకుని ఉంది.

"మరి మామయ్యా, కథలన్నీ సీను సీను చెప్పేవారట కదా. ఈయన అన్నారు."

"అది వేరే సంగతి," అన్నారాయన. కప్పు అడుగున ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు చూశారు. "వాడికి చెప్పకు."

"ఎందుకు? చెప్తే ఈ గొడవంతా పోతుంది."

"లోకంలో సినిమాలన్నీ మా నాన్న చూశాడని వాడు బడి నిండా చెప్పుకున్నాడమ్మా. ఇప్పుడు పోయి ఒక్కటీ చూడలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను? వాడు తాళంచెవి తీసుకున్నా ఫరవాలేదు."

ముందు ఆ మాట ఎత్తింది నేనే మామయ్యా అని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. వంటింట్లోంచి పాలు మాడిన వాసన కూడా అప్పుడే వచ్చింది. రెండింటిలో ఆమె పాల వైపు వెళ్లింది. గిన్నె తోముతున్నంతసేపూ, వెళ్లాల్సింది ఇటు కాదని తెలుస్తూనే ఉంది.

తొమ్మిదో రోజు రెండున్నరకి ఇన్‌స్పెక్టరు కాగితాలూ పెన్సిలూ సర్దుకుంటుంటే ఆమె కొంగు నడుముకి చుట్టి వచ్చి నిలబడింది.

"నన్ను కూడా అడగండి ఆ ప్రశ్నలు."

"నువ్వెందుకు?"

"మిల్లులో గుడ్డ చూసేటప్పుడు పక్కన బాగున్న ముక్క ఒకటి పెట్టుకుని పోల్చి చూస్తారుగా. అది లేకుండా ఎలా తేలుస్తారు?"

అతని మొహం విప్పారింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె అతని పని గురించి ఒక మాట అనడం ఇదే మొదలు. "ఇది నాకు తట్టనే లేదు సుమా," అని, కాగితం మీద ఆమె పేరున ఇంకో గడి గీశాడు. ఆమెకి కొంచెం పాపం అనిపించింది. కొంచెమే.

సినిమా మొదలైంది. ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు, ఒక రైలు. ఆమె కొత్తగా ఏమీ చేయలేదు. రోజూ చేసేదే చేసింది. పదో నిమిషంలో టీ పెట్టింది. పాలతను గంట కొడితే వెళ్లింది. పొగమంచుకి బట్టలు తడిసిపోతున్నాయని తీసి లోపల కుర్చీల మీద ఆరేసింది. మామగారికి వేడినీళ్ల సంచీ తెచ్చింది. కూతురు ఆకలంటే రొట్టె కాల్చింది. ఇన్‌స్పెక్టరు రెండో టీ అడిగాడు, ఇచ్చింది. కళ్లజోడు అడిగాడు, వెతికి ఇచ్చింది. పనుల మధ్య సోఫా చేతి మీద కూర్చున్న కాసేపూ, తెర మీద రైలు ఆగుతూనో కదులుతూనో ఉంది.

అయిదింటికి ఇన్‌స్పెక్టరు టీవీ ఆపి, గొంతు సవరించుకున్నాడు. ముందు తండ్రిని అడిగాడు. అన్న ఊరొదిలి ఎందుకు వెళ్లాడు? ఉద్యోగానికి అయ్యుంటుందన్నారు. ఉత్తరం ఎవరు రాశారు? ఆయన పెదవి విరిచారు. చెల్లెలు ఎవరి దగ్గర పెరిగింది? తెలీదురా. స్టేషన్‌లో ఎవరు కలిశారు? ఆయన నేలకేసి చూశారు. చివరికి తమ్ముడు ఏమయ్యాడు? పోయాడా అన్నారు. అదొక్కటి సరిపోయింది. ఇన్‌స్పెక్టరు పెన్సిలు కాగితం మీద చాలా నెమ్మదిగా కదిలింది. అతని మొహం చూస్తే ఓడిపోయింది అతనే అనిపించేలా ఉంది.

"ఇక నువ్వు. అన్న ఊరొదిలి ఎందుకు వెళ్లాడు?"

"అన్న, తమ్ముడు, ఇద్దరున్నారా? గొంతు ఒకేలా ఉంటే ఒకడే అనుకున్నా."

"ఏంటది? సరే, ఉత్తరం ఎవరు రాశారు?"

"ఉత్తరం వచ్చినప్పుడు పాలతను వచ్చాడు."

"చెల్లెలు ఎవరి దగ్గర పెరిగింది?"

"అప్పుడు మీరు టీ అడిగారు."

"స్టేషన్‌లో?"

"అప్పుడు కళ్లజోడు."

"చివరికి తమ్ముడు?"

"ఉన్నాడనే తెలీలేదంటుంటే, ఏమయ్యాడో నాకేం తెలుసండీ."

ఆమె నడుము దగ్గర దోపుకున్న తన తాళంచెవి తీసి టేబుల్ మీద, అతను కాగితాల దగ్గర పెట్టుకున్న మామగారి తాళంచెవి పక్కన పెట్టింది.

"మామయ్యకి ఒకటి వచ్చింది, నాకు సున్నా. నాది కూడా తీసుకోండి. ఇంక నేనూ ఒంటరిగా గడప దాటను. ఇద్దరం ఒకళ్లనొకళ్లు కాపలా కాసుకుంటూ లైబ్రరీకి వెళ్తాం."

"నువ్వు అసలు చూస్తేగా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నాన్నా, నువ్వు చూశావా?" చివరి పది నిమిషాలు పొద్దున్నే చూసేసిన కూతురు దుప్పట్లోంచి అడిగింది. "ఆ చెల్లెలికి ఏ కాలు కుంటి?"

అతను చేతిలో కాగితం తిప్పి వెతికాడు.

"వాళ్ల ఇంటి ముందు ఏముంది? బావి ఉందా, తోట ఉందా?" కూతురు లేచి కూర్చుంది. "ఈ ప్రశ్నలు పొద్దున్న నెట్‌లో కథ చదివి రాసుకున్నావు. నేను చూశాలే. నువ్వు ఇవాళ టీవీ వైపు ఒక్కసారి కూడా తిరగలేదు."

"నేను మీ తాతయ్యని చూస్తున్నా," అన్నాడతను.

అతను ఆ మాటని జవాబుగా అన్నాడు. అది గదిలో పడ్డ తీరు వేరుగా ఉంది. మామగారు తల ఎత్తి కొడుకు వైపు చూశారు. చూడటానికి రెండున్నర గంటల సినిమా, కూర్చున్నవాళ్లు నలుగురు, మొత్తం చూసినవాళ్లు ఎవరూ లేరు.

"అయినా," ఇన్‌స్పెక్టరు పట్టు వదల్లేదు, గొంతులో మాత్రం పట్టు లేదు. "అమ్మ ఉన్నప్పుడు అన్నీ చెప్పేవాడివి కదా నాన్నా."

పెద్దాయన వేడినీళ్ల సంచీ ఒళ్లోంచి తీసి పక్కన పెట్టారు.

"అవి మీ అమ్మ కథలురా."

"అంటే?"

"ఆదివారం మ్యాట్నీకి వచ్చేది మీ అమ్మ. నేను పైన చుక్క కోసం చూస్తుంటే కింద ఆమె సినిమా చూసేది. ఇంటికొచ్చి భోజనాల దగ్గర నాకు మొత్తం చెప్పేది. ఎవరు ఎక్కడ ఏడ్చారు, ఏ పాటకి ఏ రంగు బట్టలు. ఆమె నాకు చెప్పింది, నేను నీకు చెప్పా. నేను చూసింది ఒక్క మూలే." చుక్కల సంగతి, మిషన్ల సంగతి, కడ్డీల సంగతి ఆయన ఇంకోసారి, ఈసారి గొంతు తగ్గించకుండా చెప్పారు. "టీవీ వచ్చాక కూడా అంతే. పక్కన కూర్చుని నా చెవిలో చెప్తూ ఉండేది. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. అందుకని నాకు కథ తెలీదు. దారి తెలుసు."

ఇన్‌స్పెక్టరు పెన్సిలు పక్కన పెట్టాడు. "పక్కన కూర్చుని గొణుగుతూ ఉండేది," అన్నాడు నెమ్మదిగా. "సినిమా చూడనివ్వవా అమ్మా అని విసుక్కునేవాణ్ణి."

"నోర్ముయ్యమన్నావు ఒకసారి."

"అన్నా."

కూతురు దుప్పటి కొస తాతయ్య కాళ్ల మీదికి లాగింది. ఇన్‌స్పెక్టరు కాగితం మీద రాసినదంతా అడ్డంగా కొట్టేసి, కింద 'పునఃపరిశీలన అవసరం లేదు' అని రాశాడు. మిల్లు భాషలో అంతకన్నా పెద్ద మాట లేదు. తండ్రి తాళంచెవి తండ్రి వైపు, పెళ్లాం తాళంచెవి పెళ్లాం వైపు జరిపాడు.

మామగారు దాన్ని అప్పుడే అందుకోలేదు. "ఒక్కటి అడుగుతానురా. నాకు మతి పోతోందని ముందు ఎవరికి తోచింది?"

ఇన్‌స్పెక్టరు కళ్లు ఒక్క రెప్పపాటు ఆమె వైపు వెళ్లి, వెనక్కి వచ్చేశాయి.

"నాకే నాన్నా," అన్నాడు. అతనికి అబద్ధం అలవాటు లేదు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

"ఊఁ," అన్నారు పెద్దాయన. నమ్మినట్టే ఉన్నారు. తాళంచెవి అందుకుని కోటు జేబులో వేసుకున్నారు.

అక్కడితో అయిపోయేది. ఆమె చేతిలో నాలుగు ఖాళీ కప్పుల పళ్లెం ఉంది, వంటింట్లో కడగాల్సినవి ఉన్నాయి, ఆరేయాల్సినవి ఉన్నాయి. మొగుడు తనంతట తానే తప్పు నెత్తికెత్తుకున్నాడు, ఎవరూ ఏమీ అడగడం లేదు. తొమ్మిది రోజుల అలుపు వెళ్లిపో వెళ్లిపో అని వీపు మీద తోస్తోంది. ఆమె గుమ్మం దాకా వెళ్లింది. మొగుడి ఎర్రటి చెవులు అక్కణ్ణుంచి కూడా కనిపిస్తున్నాయి. వెనక్కి వచ్చి, పళ్లెం నేల మీద పెట్టి, మామగారి ఎదురుగా కూర్చుంది.

"ఆయన కాదు మామయ్యా. ముందు అన్నది నేను. చన్నీళ్లలో చేతులు కొంకర్లు పోతుంటే, అందరూ హాయిగా కూర్చున్నారు నేనొక్కదాన్నే నిలబడ్డాననే ఉక్రోషంతో మీ మీద ఒక మాట వేశాను. మొన్న మీరు చుక్కల సంగతి చెప్తున్నప్పుడే ఒప్పుకోవాల్సింది, పాల వంక పెట్టుకుని లేచిపోయాను. రెండుసార్లూ తప్పు నాదే."